వెన్నులో సూది, మణికట్టు మీద వేలు

గాంధారి వైపు ఆడవాళ్ళు నలుగురు కూర్చున్న చోట కాన్పుల మాట రాకుండా ఉండదు. ఒకప్పుడు ఆ మాటల్లో మంత్రసాని ఉండేది, మొగురానికి కట్టిన తాడు ఉండేది, ఎన్ని జాములు నొప్పులు తీసిందీ లెక్క ఉండేది. ఇప్పుడు వినిపించేవి వేరు. "నడుంల సూదిచ్చిర్రు. జర సేపటికే కాళ్ళు నాయి కాదన్నట్టయినయి. కండ్లు తిరిగినయి, కడుపుల తిప్పింది, పానం పోయినట్టే అనిపించింది. చెప్తే ఊకో అన్నరు." దాదాపు ఇవే మాటలు కామారెడ్డిలో కాన్పయిన వాళ్ళూ చెప్తారు, ఎల్లారెడ్డిలో అయిన వాళ్ళూ చెప్తారు. తర్వాత ఎవరో ఒకరు "బీపీ పడిపోయిందట" అని ముక్తాయిస్తారు. అక్కడితో ఆ ముచ్చట అయిపోతుంది. పిల్లాడి బరువెంత, ఎవరి పోలిక అన్న దాంట్లోకి వెళ్ళిపోతారు.

ఆ పడిపోయిన బీపీ గురించి రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను. సిజేరియన్ల గురించి మనం రాయలేదని కాదు. ముహూర్తం చూసి కోయించడం గురించి, ప్రైవేటు ఆస్పత్రుల లాభాల గురించి, అనవసరపు కోతల గురించి చాలానే రాశాం. రాయాల్సిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కోత కాన్పులు. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే నూటికి 81.5. దేశం మొత్తం మీద సగటు 21.5. ఈ అంకెలు చూసి కోపం తెచ్చుకుని అక్కడే ఆగిపోతుంటాం. కోత అవసరమా కాదా అన్న చర్చలో, ఆ బల్ల మీద పడుకున్న మనిషికి మొదటి పది నిమిషాల్లో ఏం జరుగుతుందన్నది మన దృష్టికి రాలేదు. అవసరమైన కోత అయినా, అనవసరమైన కోత అయినా ఆ పది నిమిషాలు ఒకటే. వాటికి ఒక చరిత్ర ఉంది. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయం మన హైదరాబాదులోనే జరిగింది.

ముందు ఆ పది నిమిషాల సంగతి. నడుము దగ్గర వెన్నుపూసల మధ్య నుంచి సన్నటి సూది దించి, వెన్నుపాము చుట్టూ ఉండే నీళ్ళలోకి రెండు మిల్లీలీటర్లో, ఇంకొంచెం ఎక్కువో మందు వదులుతారు. మన దగ్గర ఎక్కువగా వాడేది బూపివకైన్. నొప్పి తెలిపే నరాలు, కాళ్ళు కదిలించే నరాలు మొద్దుబారతాయి. వాటితో పాటు ఎవరూ అడగని ఇంకో పని కూడా జరుగుతుంది. రక్తనాళాలను బిగించి పట్టి ఉంచే నరాలు కూడా పని మానేస్తాయి. నాళాలు వదులైపోతాయి, రక్తం కాళ్ళలో, పొట్టలో నిలిచిపోతుంది, గుండెకు తిరిగి వచ్చేది తగ్గుతుంది. దీనికి తోడు నెలలు నిండిన గర్భసంచి బరువు. వెల్లకిలా పడుకుంటే ఆ బరువు వెన్ను పక్కనే పోయే పెద్ద సిరను నొక్కేస్తుంది. నెలలు నిండిన మనిషిని వెల్లకిలా పడుకోవద్దని మన పెద్దవాళ్ళు అంటుండేవాళ్ళు. వైద్యశాస్త్రం ఈ సంగతికి పేరు పెట్టి వ్యాసంగా అచ్చేసింది 1953లో.

అన్నీ కలిసి రక్తపోటు నిమిషాల్లో జారిపోతుంది. ముందు జాగ్రత్త ఏదీ తీసుకోకపోతే సగానికి పైగా స్త్రీలలో ఇట్లా జరుగుతుంది. మెదడుకు రక్తం తగ్గగానే కడుపులో తిప్పుతుంది, ఆవులింతలు వస్తాయి, కళ్ళు తిరుగుతాయి, ఛాతీ బరువెక్కుతుంది. బిడ్డకు రక్తం పంపే నాళాలకు తమ అవసరానికి తగ్గట్టు సర్దుకునే గుణం పెద్దగా లేదు. తల్లి రక్తపోటు ఎంత ఉంటే అక్కడ ప్రవాహం అంత. అందుకని తల్లికి పడిపోతే బిడ్డకూ పడిపోతుంది. చాలాసార్లు ఇది నిమిషంలో సరిచేయగలిగిన విషయమే. ఎవరైనా చూస్తూ ఉంటే.

ఈ "చూస్తూ ఉండటం" దగ్గరే హైదరాబాదు కథ మొదలవుతుంది. కాస్త వెనక్కి వెళ్ళాలి.

1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ కాన్పు నొప్పులకు క్లోరోఫారం వాడటం మొదలుపెట్టాడు. మూడు నెలలైనా తిరక్కుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి చనిపోయింది. ఎందుకు చనిపోయిందన్న దాని మీద డాక్టర్లు యాభై అరవై ఏళ్ళు కొట్టుకున్నారు. లండన్‌లో జాన్ స్నో, మందు గుండెను ఆపేసిందన్నాడు. సింప్సన్ ఒప్పుకోలేదు. పిల్ల స్పృహ తప్పాక నోట్లో నీళ్ళు, బ్రాందీ పోశారు కాబట్టి ఊపిరాడక పోయిందన్నాడు. ఇద్దరిలో ఎవరిది నిజమైతే ఏమిటని అనిపించొచ్చు. తేడా ఉంది. గుండె ఆగేదైతే మత్తు ఇచ్చే మనిషి నాడి పట్టుకుని ఉండాలి. ఊపిరి ఆగేదైతే ముక్కు దగ్గర చూస్తే చాలు. ఎటు చూడాలన్నదే తగాదా. విక్టోరియా రాణి 1853లో ఎనిమిదో కాన్పుకు క్లోరోఫారం పీల్చినప్పుడు మత్తు ఇచ్చింది ఈ జాన్ స్నోనే. ఆయన మోతాదు కొలిచి ఇచ్చే మనిషి. రాణి గారి విషయంలో నాడి చూడక్కరలేదని వాదించే ధైర్యం ఎవరికి ఉండేదో తెలియదు.

ఈ తగాదా ఎడిన్‌బరో బడి నుంచి హైదరాబాదుకు వచ్చింది. ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర పనిచేసినవాడు. నాడితో పనిలేదు, ఊపిరి చూడండి అన్నది సైమ్ బోధ. లారీ ఇక్కడ రెసిడెన్సీ సర్జన్‌గా, 1846లో మొదలైన హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్నాడు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో వేల మందికి క్లోరోఫారం ఇచ్చాం, గురువు చెప్పినట్టే చేశాం, మాకు చావులు లేవు అనేవాడు. లండన్ వాళ్ళు నమ్మలేదు. దాంతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ ఏర్పడింది. దాన్నీ ఖాతరు చేయకపోతే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బు పెట్టి, లాన్సెట్ పత్రికకు వెయ్యి పౌండ్లు ఇచ్చి, లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుణ్ణి పిలిపించాడు. అది 1889 నాటి రెండో కమిషన్. సుమారు 490 జంతువులు, కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్ళు, ఈ ప్రయోగాల్లో బలయ్యాయి. వాటిలో 120 జంతువుల రక్తపు ఒత్తిడిని కొలిచే పరికరంతో గీతలుగా గీయించారు. గుండెకే ప్రమాదమని నమ్మి వచ్చిన బ్రంటన్, లారీయే సరి అని లండన్‌కు తంతి కొట్టాడు.

ఆ గీతల్లో స్పష్టంగా కనిపించింది ఏమిటంటే క్లోరోఫారంతో రక్తపోటు పడిపోతుంది. కమిషన్ దాన్ని చూసింది, కొలిచింది, రాసుకుంది. చూసి, ఊపిరి సరిగ్గా ఉన్నంతసేపు ఈ పడిపోవడం వల్ల హాని లేదని తేల్చింది. పైగా అదొక రక్షణలాంటిదన్న వాదన కూడా చేసింది. నాలుగేళ్ళకు, 1893లో, కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాలు క్లోరోఫారం గుండె మీద నేరుగా పనిచేస్తుందని చూపించాయి. 1911లో లెవీ అనే ఆయన, తేలికపాటి క్లోరోఫారం మత్తులోనే గుండె లయ తప్పి వణికి ఆగిపోవచ్చని పిల్లుల మీద నిరూపించాడు. నిజాం ఖజానా నుంచి అంత ఖర్చు పెట్టి తేల్చింది తప్పని తేలిపోయింది.

ఈ కథను నగర చరిత్ర చెప్పేవాళ్ళు గర్వంగా చెప్తారు. గర్వపడాల్సిందీ ఉంది. ఒక దేశీ సంస్థానంలో జరిగిన ప్రయోగం గురించి లండన్ పత్రికలు నెలల తరబడి మాట్లాడుకున్నాయి. నాకు మాత్రం ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. 1889లో బతికున్న మనిషి రక్తపోటు కొలిచే సులువైన సాధనం ఇంకా లేదు. చేతికి పట్టీ చుట్టి కొలిచే పద్ధతి ఇటలీలో రీవా రోచీ 1896లో తెచ్చాడు. హైదరాబాదు కమిషన్ నాటికి రక్తపోటు అనేది కుక్క రక్తనాళంలో గొట్టం గుచ్చితే గీతగా కనిపించే వస్తువు మాత్రమే. మనిషి విషయంలో ఉన్న ఒకే ఒక్క సాధనం మణికట్టు మీద వేలు. ఆ వేలు తీసేయమన్నది లారీ బోధ.

అట్లా వేలు తీసేసి మత్తు ఇవ్వడం నేర్చుకున్నవాళ్ళలో ఆడపిల్లలున్నారు. లారీ 1885లో వైద్య పాఠశాలలో ఆడవాళ్ళను చేర్చుకున్నాడు. వాళ్ళలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. హైదరాబాదు పార్శీ అమ్మాయి, 1889లో చదువు పూర్తి చేసి క్లోరోఫారం ఇచ్చే పనిలో నిలబడింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలని ఆమెను చెప్పుకుంటారు. 1909లో ఎడిన్‌బరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివింది. మత్తు వైద్యానికి విడిగా చదువు లేని రోజులవి. మందు ఆవిరి గుణం తెలియాలంటే అటువైపు నుంచే వెళ్ళాలి. తిరిగొచ్చి 1920లో చాదర్‌ఘాట్ ఆస్పత్రి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసింది. లారీ వాదం రాసిన కాగితాలు కుప్పలుగా ఉన్నాయి. రూపాబాయి తన చేతుల మీదుగా మత్తులోకి వెళ్ళిన ఆడవాళ్ళ గురించి ఏమనుకుందో చెప్పే కాగితం మాత్రం నా కంటపడలేదు. ముక్కు దగ్గర ఊపిరి చూస్తూ, రెండో చేత్తో ఎప్పుడైనా నాడి పట్టుకుని ఉంటుందా? పరదా చాటు నుంచి వచ్చిన మనిషి మంచం పక్కన కూర్చున్న ఆడమనిషి చెయ్యి పట్టుకోకుండా ఉండటం నేను ఊహించలేను. అది ఊహే, చరిత్ర కాదు.

వెన్నులో సూది కథ ఇంకో ఊళ్ళో మొదలైంది. జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బీర్ 1898 ఆగస్టులో వెన్నులోకి కొకైన్ ఎక్కించి మొదటి ఆపరేషన్ చేశాడు. కొద్ది రోజులకు తన మీద, తన సహాయకుడు హిల్డెబ్రాంట్ మీద ప్రయత్నించాడు. హిల్డెబ్రాంట్ కాలి మీద సుత్తితో కొట్టి, చుట్టతో కాల్చి, నొప్పి తెలియడం లేదని రాసుకున్నాడు. మర్నాటి నుంచి ఇద్దరికీ భరించలేని తలనొప్పి. మన ఆడవాళ్ళు ఈనాటికీ చెప్పే "సూది తలనొప్పి"కి మొదటి సాక్షులు ఈ ఇద్దరు మగవాళ్ళు. డాక్టర్లకే వచ్చింది కాబట్టి అది వెంటనే వైద్య పత్రికలోకి ఎక్కింది. 1900లో బాసెల్‌లో ఆస్కర్ క్రైస్ ఆరుగురు కాన్పు స్త్రీలకు ఇదే సూది ఇచ్చి చూశాడు.

ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు కాన్పులో ఈ సూదికి మంచి పేరు రాలేదు. రక్తపోటు పడిపోయి చనిపోయిన వాళ్ళున్నారు. అటు పూర్తి మత్తులో చనిపోయిన వాళ్ళూ ఉన్నారు. 1946లో న్యూయార్క్ వైద్యుడు మెండెల్సన్ 44,016 కాన్పులు పరిశీలించి, మత్తులో ఉండగా కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయిన 66 సంఘటనలు లెక్క రాశాడు. కాన్పు స్త్రీని ఏమీ తినొద్దనే ఆంక్ష అక్కడి నుంచి గట్టిపడింది. మెలకువగా ఉంచి కోస్తే ఈ ప్రమాదం తప్పుతుంది. సూదుల మొన మార్చాక తలనొప్పీ తగ్గింది. 1980ల నుంచి చాలా దేశాల్లో కోత కాన్పుకు వెన్ను సూదే మామూలు పద్ధతి అవుతూ వచ్చింది. మామూలు అవడం మంచిదే అయింది. తల్లి ప్రాణానికి ఇది పూర్తి మత్తు కంటే నెమ్మదైన దారి, బిడ్డ ఏడుపు తల్లి తన చెవులతో వింటుంది. నడుము సూది వల్లనే జీవితాంతం నడుము నొప్పి అన్న భయానికి కూడా ఆధారం లేదు. బిందెలు మోసే, బీడీలు చుట్టే, నాట్లు వేసే నడుములకు నొప్పి రావడానికి వేరే కారణాలు బోలెడున్నాయి.

మెలకువగా ఉండటం అనే ఈ కొత్త పరిస్థితి వల్ల చరిత్రలో మొదటిసారి కోత బల్ల మీది స్త్రీ మాట్లాడగలిగింది. రక్తపోటు పడుతోందని యంత్రం ఒత్తి చెప్పేలోపు ఆమె శరీరం చెప్తుంది, ఆమె నోరు చెప్తుంది. "కడుపులో తిప్పుతోంది" అన్నది ఇక్కడ ఫిర్యాదు కాదు, సమాచారం. మంచి మత్తు డాక్టర్లు ఆ మాట వినగానే పట్టీ బిగించి మళ్ళీ కొలుస్తారు. ఈ సమాచారాన్ని పరిశోధనా లోకం ఎంతకాలం పక్కన పెట్టిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

రక్తపోటు పెంచే మందు ఏది వాడాలన్న ప్రశ్న 1974 నాటికి తేలిపోయిందనుకున్నారు. అమెరికాలో రాల్‌స్టన్, ష్నైడర్ బృందం చూలు గొర్రెలకు నాలుగు రకాల మందులిచ్చి, గర్భసంచికి పోయే రక్తం కొలిచారు. ఎఫెడ్రిన్ ఇచ్చినప్పుడు ఆ ప్రవాహం బాగా నిలిచింది. రక్తనాళాలను నేరుగా బిగించే మందులతో తగ్గింది. దీనితో పాతికేళ్ళకు పైగా ఎఫెడ్రిన్‌దే రాజ్యం. గాంధారి వైపు గొల్లకుర్మలకు చూలు గొర్రె సంగతి ఎవరూ చెప్పక్కరలేదు, గొర్రెకీ మనిషికీ తేడా కూడా చెప్పక్కరలేదు. ఎఫెడ్రిన్ తీసుకున్న ఆడవాళ్ళకు గుండె దడదడలాడేది, కడుపులో తిప్పడం ఎక్కువయ్యేది. గొర్రె తనకెట్లా ఉందో చెప్పలేదు. ఆడవాళ్ళు చెప్పారు కానీ అది చిన్న విషయం కింద పోయింది.

మారడానికి కారణం కూడా తల్లి మాట కాదు, బిడ్డ బొడ్డుతాడు రక్తం. వర్జీనియా ఆప్గార్ అనే మత్తు వైద్యురాలు 1952లో చెప్పి 1953లో అచ్చువేసిన ఐదంశాల లెక్క, పుట్టిన బిడ్డను ఒక నిమిషం పాటు శ్రద్ధగా చూడటం ప్రపంచానికి నేర్పింది. ఆమె సర్జన్ కావాలనుకుంటే, ఆడదానికి అందులో బతుకుదెరువు కష్టమని పెద్దలు మత్తు వైద్యం వైపు తోశారు. ఆ తోయడం వల్ల మనకు మేలు జరిగిందనుకోవాలో, ఆమెకు అన్యాయం జరిగిందనుకోవాలో తేల్చుకోలేను. రెండూ నిజమే అనుకుంటాను. బొడ్డుతాడు రక్తంలో ఆమ్లం ఎంతుందో కొలవడం మామూలయ్యాక, ఎఫెడ్రిన్ మాయ దాటి బిడ్డలోకి వెళ్తోందని, ఆమ్లం పెంచుతోందని బయటపడింది. హాంకాంగ్‌లో న్గాన్ కీ, ఆయన సహచరులు 2002 నుంచి వరసగా ప్రచురించిన పనితో ఫినైల్‌ఎఫ్రిన్ ముందుకొచ్చింది. గొర్రెల లెక్క ప్రకారం బిడ్డకు చెరుపు చేయాల్సిన కోవకు చెందిన మందే మనుషుల్లో బిడ్డకు మేలైంది. తల్లులకు వికారం కూడా తగ్గింది. తల్లికి హాయిగా ఉండటం, బిడ్డకు బాగుండటం ఒకదానికొకటి అడ్డనుకున్న లెక్క తారుమారైంది. ఆడవాళ్ళ వికారాన్ని ముందే గంభీరంగా తీసుకుని ఉంటే ఈ మలుపు కొన్నేళ్ళు ముందు వచ్చేదేమోనని నాకు అనుమానం. మన దేశంలో చాలా ఆస్పత్రుల్లో చాలా కాలం వాడింది ఎఫెడ్రిన్ వరసలోని మెఫెంటెర్మిన్.

ఇట్లాగే నమ్మకాలు ఇంకా కూలాయి. సూదికి ముందు లీటరు, లీటరున్నర సెలైన్ ఎక్కిస్తే బీపీ పడదని అందరూ నమ్మేవాళ్ళు. 1993లో దక్షిణాఫ్రికాలో డర్బన్‌లో, మన తెలుగు కూలీలు ఓడ దిగిన ఊళ్ళో, రౌట్ అనే డాక్టరు బృందం పోల్చి చూసింది. ముందుగా సెలైన్ ఎక్కించిన వాళ్ళలో నూటికి 55 మందికి పడింది, ఎక్కించని వాళ్ళలో 71 మందికి. కొంత తేడా ఉంది, నమ్ముకునేంత లేదు. సూదితో పాటే వేగంగా ఎక్కిస్తే మెరుగని తర్వాత తేలింది. కుడి తుంటి కింద మడిచిన దుప్పటి పెట్టి ఎడమకు వాల్చడం 1970ల నుంచి పాఠ్యపుస్తకాల్లో ఉంది. 2015లో జపాన్ వాళ్ళు స్కానింగ్‌లో చూస్తే, అందరూ చెప్పే 15 డిగ్రీల వాలు ఆ పెద్ద సిరను పెద్దగా తెరవడం లేదు, 30 డిగ్రీలైతే కాస్త తెరుస్తోంది. 30 డిగ్రీలు వాలిస్తే మనిషి బల్ల మీది నుంచి జారుతుంది. అయినా దుప్పటి పెట్టడం మానమని ఎవరూ అనలేదు. దుప్పటి పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండటమే కుదరదు.

2018లో వివిధ దేశాల మత్తు వైద్యులు కలిసి ఒక అంగీకార పత్రం వెలువరించారు. బీపీ పడ్డాక పరుగెత్తడం కాకుండా, ఫినైల్‌ఎఫ్రిన్‌ను సూది వేసినప్పటి నుంచే సన్నధారగా ఎక్కించమన్నారు. పై అంకె మొదట ఉన్న దానిలో నూటికి తొంభై పాళ్ళు నిలబెట్టాలి, ఎనభై దిగితే వెంటనే సరిచేయాలి. అంటే బల్ల ఎక్కినప్పుడు 110 ఉన్న మనిషికి 99 దిగకుండా చూడాలి, 88 అంటే ఆలస్యం లేకుండా మందు పడాలి. ఈ లెక్కలో నాకు నచ్చింది "మొదట ఉన్న దానిలో" అన్న మాట. అందరికీ ఒకే అంకె పెట్టకుండా, ఈ మనిషికి మామూలుగా ఎంత ఉంటుందని అడగడం అది. రక్తహీనతతో, బక్కపలచగా, తొంభై ఐదుతో వచ్చే మనిషికి, బీపీ ఎక్కువై నూట యాభైతో వచ్చే మనిషికి హద్దులు వేరు.

నిమిష నిమిషం కొలవాలంటే కొలిచే మనిషి ఉండాలి. గాంధారి 2016 అక్టోబరు దాకా నిజామాబాదు జిల్లాలో ఉండేది, ఆ తర్వాత కామారెడ్డి జిల్లా. మండలంలో తండాలెక్కువ. 2005లో జననీ సురక్ష, అదే ఏడు 108 బండి, 2017లో కేసీఆర్ కిట్, ఇవన్నీ కాన్పును ఇంటి నుంచి ఆస్పత్రికి తెచ్చాయి. దానివల్ల బతికిన వాళ్ళున్నారు. 2014-16లో లక్ష కాన్పులకు 81గా ఉన్న తెలంగాణ తల్లుల మరణాలు 2018-20 నాటికి 43కు దిగాయి. కామారెడ్డికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆస్పత్రి దాకా తేవడం బాగానే జరిగింది. మత్తు డాక్టర్ల కొరత మాత్రం చిన్న పట్టణాల్ని ఎప్పుడూ వెంటాడింది. ఎంబీబీఎస్ డాక్టర్లకు 18 వారాల శిక్షణ ఇచ్చి అత్యవసర కాన్పులకు మత్తు ఇప్పించే పథకం జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద అందుకే వచ్చింది. ఒకే మత్తు డాక్టరు ఒక ఆస్పత్రిలో సూది వేసి, బయట బండి స్టార్ట్ చేసుకుని ఇంకో ఆస్పత్రికి పోవడం చిన్న ఊళ్ళలో వాళ్ళందరికీ తెలిసిన సంగతే. సూది వేయడానికి అయ్యే సమయం ఐదు నిమిషాలు. డబ్బు ఆ ఐదు నిమిషాలకు కడతారు. ఆ తర్వాతి అరగంట, గంట, పక్కన కూర్చోవడానికి లెక్క ఉండదు. స్త్రీల పనిలో కనబడే పనికి, కనబడని పనికి తేడా గురించి మనం ఎంతో రాశాం. మత్తు వైద్యంలోనూ ఆ తేడా ఉంది.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. పడిన ప్రతి బీపీ సూది వల్ల పడింది కాదు. బిడ్డ బయటకొచ్చాక గర్భసంచి ముడుచుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్‌ను ఒక్కసారిగా ఎక్కిస్తే రక్తపోటు దబ్బున పడుతుంది. 1997-99 నాటి తల్లుల మరణాల విచారణలో బ్రిటన్ ఇట్లాంటి మరణాన్ని గుర్తించి మోతాదు తగ్గించింది. వీటన్నిటికంటే భయపడాల్సింది రక్తస్రావం. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత. అట్లాంటి ఒంట్లోంచి రక్తం పోతుంటే, "మత్తుకు పడిందిలే" అనుకోవడానికి సూది ఒక సాకు అవుతుంది. వార్డుకు మార్చాక, మత్తు దిగాక కూడా ఒకామె కళ్ళు తిరుగుతున్నాయంటుంటే అది సూది పని కాకపోవచ్చు.

1991లో స్త్రీ శక్తి సంఘటన "సవాలక్ష సందేహాలు" తెచ్చినప్పుడు తెలుగు ఆడవాళ్ళకు ఆస్పత్రిలో ప్రశ్న అడగొచ్చన్న ధైర్యం వచ్చింది. ఈ విషయంలో అడగాల్సినవి పెద్ద ప్రశ్నలేం కావు. సూది వేసిన డాక్టరు బిడ్డ బయటికొచ్చేదాకా గదిలో ఉంటారా? నా మామూలు బీపీ ఎంత రాసుకున్నారు? నాకు వికారం వస్తే ఎవరికి చెప్పాలి? మా వైపు వాళ్ళు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచుకునే ఆస్పత్రి కాగితాలు నేను చాలానే చదివాను. బిడ్డ పుట్టిన టైము, బరువు, ఆడా మగా, కుట్లు ఎప్పుడు తీయాలి, అన్నీ ఉంటాయి. మత్తు గురించి ఒకే ఒక్క పదం, వెన్ను మత్తు అని. బీపీ ఎంత నుంచి ఎంతకు దిగిందో, ఏ మందు ఇచ్చారో, నేను చూసిన ఏ కాగితంలోనూ లేదు. రెండో కాన్పుకు ఇంకో ఆస్పత్రికి వెళ్తే అక్కడి డాక్టరుకు ఆ సంగతి తెలిసే దారి లేదు. ఆమెకే గుర్తుండాలి. ఆమెకు గుర్తున్నది "పానం పోయినట్టయింది" అన్నది.

గాంధారి తండాల నుంచి వెళ్ళే ఆడవాళ్ళలో కొందరికి ఇంట్లో భాష లంబాడీ. తెలుగు వచ్చు, సంతలో, పొలం దగ్గర సరిపోయేంత. మొద్దుబారిన నడుముతో, కళ్ళు తిరుగుతున్నప్పుడు, ఛాతీ మీద ఆకుపచ్చ గుడ్డ అడ్డంగా కట్టి ఉన్నప్పుడు నోట్లోంచి వచ్చేది ఇంటి భాషే. తోడొచ్చిన తల్లిని, అత్తను తలుపు అవతలే ఆపేస్తారు. లోపల ఆ మాట అర్థమయ్యేది చాలాసార్లు ఒక్క ఆయమ్మకే. ఆమె అక్కడ ఉంటుంది, గాజుగుడ్డలు లెక్కపెడుతూ, బకెట్లు జరుపుతూ. "అమ్మా, కండ్లు తిరుగుతున్నయంటుంది" అని డాక్టరుకు తెలుగులో చెప్పేది ఆమే. జీతాల పట్టికలో ఆమె పని పారిశుద్ధ్యం.